టెలిఫోన్ సీను

పెర్మ్
6 నవంబరు 1988

గ్లేబ్,

ఈ ఉత్తరం పారిస్‌లో నీ వ్యవహారాలు చూసే ఆయన అడ్రసుకు పంపుతున్నాను. ఇన్నేళ్ళూ కొత్త సంవత్సరం కార్డులు అటే పంపాను కాబట్టి ఇదీ చేరుతుందనే నమ్మకం.

నీమీద సినిమా తీస్తున్నారటగా! కిందింటి క్లావ్దియా విదేశీ రేడియోలో విన్నదట. ఆయాసపడుతూ పైకొచ్చి, మన వంటింట్లో నిలబడి, నీ కథంతా నాకే చెప్పింది. నేను నీ అక్కనన్న సంగతి ఆ హడావిడిలో మరిచిపోయినట్టుంది. "ఆమ్‌స్టర్‌డాంలో బాలే డాన్సు అయిపోయాక, థియేటర్ వెనక గుమ్మంలోంచి పూలవాడి వ్యానెక్కి ఉడాయించాడటమ్మా, అదంతా చూపిస్తారట" అంది. "ఆ వ్యాను వెళ్ళిపోయాక ఇక్కడ మేమేమైపోయామో కూడా చూపిస్తారా?" అని అడిగాను. "అది రేడియోలో చెప్పలేదు" అని మెల్లగా జారుకుంది.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకే ఈ సోదంతా. అమ్మకు బాగోలేదు. నువ్వు వెంటనే రా.

ఆగస్టు నుంచే తిండి తగ్గించేసింది. కట్టుడు పళ్ళు సరిగ్గా అమరక తినలేకపోతోందనుకున్నాను. ఆసుపత్రిలో పొట్ట కోసి చూసి, ఏమీ చెయ్యకుండానే మళ్ళీ కుట్టేశారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండి. ఏం తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు. ఏం పెట్టమంటావురా? పంచదార కూపన్ల మీద ఇస్తున్నారు. వెన్న కోసం ట్రామ్ డిపోలో డ్యూటీ దిగి తిన్నగా క్యూలో నిలబడుతున్నాను. తీరా తెచ్చి పెడితే స్పూను అంచు నాకి, "నువ్వు తినవే, చిక్కిపోయావు" అంటుంది. కామా నది మీద మంచు కరిగేదాకా ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. అమ్మకు మాత్రం కడుపులో పుండని చెప్పాం.

రోజులు మారాయి గ్లేబ్. నీలాగే వెళ్ళిపోయిన ఒకావిడ మొన్న లెనిన్‌గ్రాడ్ వచ్చి, పాడి, పూలగుత్తులు పట్టుకుని తిరిగి వెళ్ళింది. పేపర్లో ఫోటో కూడా వేశారు. ఇంతకాలం నీ పేరెత్తితే మొహం తిప్పుకున్న మా డిపో పెద్దాయన నిన్న నన్నాపి, "మీ తమ్ముడు ఇంకా ఎగురుతూనే ఉన్నాడా?" అని నవ్వాడు. వీసా అడుగు. ఇస్తారు.

ఇన్నేళ్ళలో నిన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఎలాగూ ఆ కాళ్ళ మీదే కదా సినిమా తీస్తున్నారు!

నీ అక్క
రిమ్మా

&nbsp;

హెల్సింకి
27 నవంబరు 1988

అక్కా,

నీ ఉత్తరం పారిస్ వెళ్ళి అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చింది. చేతిరాత నీదే. అందులో నాకు అనుమానం లేదు. రాస్తున్నప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో అది చెప్పు.

కోపం తెచ్చుకోకు. "అమ్మకు బాగోలేదు. నువ్వు వెంటనే రా." ఈ మాట నేను ఇదివరకే విన్నాను. ఆ పూల వ్యాను దిగిన మర్నాడు ఆమ్‌స్టర్‌డాం పోలీసులు నా చేతికి ఫోనిచ్చారు. అవతల అమ్మ. అక్షరం పొల్లు పోకుండా ఇదే మాట. అప్పుడు అమ్మకు జలుబు కూడా లేదని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నాకంటే ముందే వెళ్ళిపోయినవాడు మావాడొకడున్నాడు. నాన్నకు బాగోలేదని ఇలాగే ఫోనొస్తే ఏడుస్తూ విమానమెక్కాడు. వాళ్ళ నాన్న నిక్షేపంలా ఉన్నాడు. వీడు ఏమయ్యాడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. దేశద్రోహమని నాకు వేసిన శిక్ష కూడా అలాగే ఉంది, ఎవరూ కొట్టేయలేదు. నువ్వు చెప్పిన పాటగత్తె మీద అలాంటిదేమీ లేదు.

ఇక్కడ ఏం చేస్తున్నానంటావా? నా బతుకు నేనే కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. లెనిన్‌గ్రాడ్‌లో తీయనివ్వరు కాబట్టి హెల్సింకి వీధులకే రష్యన్ బోర్డులు తగిలించారు. నా వేషం వేసేది ఓ ఇంగ్లీషువాడు. ఎగరడం బాగానే ఎగురుతాడు, మంచులో నడవమంటే మాత్రం ఎవరి పెళ్ళికో వచ్చినట్టు నడుస్తాడు. అమ్మ వేషం ఓ పెద్దావిడ వేస్తోంది. రోజూ వచ్చి, "మీ అమ్మగారు రిసీవరు ఏ చేత్తో పట్టుకున్నారు?" అని అడుగుతుంది. "నేను ఫోనుకు ఇటువైపున్నాను తల్లీ, నాకెలా తెలుస్తుంది?" అంటాను.

సినిమాకంతటికీ ఆ టెలిఫోన్ సీనే ప్రాణమంటాడు డైరెక్టరు. జనవరిలో తీస్తారు. అందులో అమ్మ నన్ను ముద్దుగా గ్లేబుష్కా అనకుండా పూర్తి పేరు పెట్టి పిలుస్తుంది. దాంతో నాకు అర్థమైపోతుంది, ఆ మాటలు అమ్మవి కావని. ఇది వాళ్ళు కల్పించింది కాదు, నేను చెప్పిందే. ఆ రోజు అమ్మ నన్ను "గ్లేబ్ స్తెపానొవిచ్" అంది. రావద్దని చేసిన సైగ అది. దాన్ని పట్టుకునే ఇంతకాలం బతికాను.

నిజంగా నువ్వే నీ అంతట నువ్వు రాస్తుంటే ఒక్కటి చెప్పు. నేను ఇల్లు వదిలిన రోజు ప్రయాణానికని అమ్మ నా సంచిలో ఏం పెట్టింది? అది మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

గ్లేబ్

&nbsp;

పెర్మ్
18 డిసెంబరు 1988

మహారాజశ్రీ గ్లేబ్ స్తెపానొవిచ్ గారికి,

నా పక్కన ఎవరున్నారని అడిగారు. రాసుకోండి. కుడిపక్క పిల్లి. ఎడమపక్క కిటికీ, దాని సందుల్లోంచి చలి. గదికి అడ్డంగా పెట్టిన బీరువా అవతల మన అమ్మ, దగ్గుతోంది. బల్ల కింద కూడా వంగి చూశాను, ఎవరూ లేరు.

ఒళ్ళు మండిపోయిందిరా నీ ఉత్తరం చదివితే! మంచాన పడ్డ మనిషిని చూసుకోవాలా, ఆవిడ మంచాన పడ్డ మాట నిజమేనని నీకు రుజువులు పంపాలా? నువ్వు వెళ్ళిపోయాక నన్ను బళ్ళోంచి తీసేశారు, తెలుసా? భూగోళం చెప్పే పంతులమ్మ తమ్ముడు మ్యాపు చూసుకుని పారిపోతే, ఆవిడ పిల్లలకు మ్యాపు చూపించకూడదట. అప్పట్నుంచీ ట్రామ్ డిపోలో ఏ బండి ఎప్పుడు కదలాలో మైకులో అరుస్తున్నాను. దానికీ నిన్నేమీ అనలేదు. ఇప్పుడంటున్నాను.

ఆ సైగ సంగతి కూడా చెప్తాను విను. నేను ఆ రోజు టెలిగ్రాఫ్ ఆఫీసులో ఫోను బూత్ బయటే ఉన్నాను, తలుపు తీసే ఉంది. వాళ్ళు అమ్మ చేతికి రాసిన కాగితమిచ్చారు. కంగారులో కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయి వచ్చింది. పక్కన నిలబడ్డవాడు ఒక్కో మాట కింద వేలు పెట్టి చూపిస్తుంటే కూడబలుక్కుంటూ చదివింది. ఆ కాగితంలో పైన "గ్లేబ్ స్తెపానొవిచ్" అనే ఉంది. మన అమ్మకు సైగలు చేతనవునా? పుట్టినరోజుకు ఏం కొన్నదో వారం ముందే చెప్పేసే మనిషి! భయపడింది రా. అంతే. ఏడవను కూడా లేదు. బయటికొచ్చాక, "సరిగ్గా చదివానా?" అని నన్నే అడిగింది.

ఇంక నీ పరీక్షకు జవాబు. ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగులు, గాజు సీసాలో. మూతకు గుడ్డ కట్టింది నేనే. చాలా?

ఇది కూడా చాలదేమోనని ఫోటో పంపుతున్నాను. డిపోలో పనిచేసే ఒకతన్ని బతిమాలి తీయించాను. పాతదంటావేమోనని అమ్మ చేతికి ఆ రోజు పేపరు ఇచ్చి, తేదీ కనబడేలా పట్టుకోమన్నాను. "ఇదెందుకే?" అంది. "ఊరికే, గుర్తుకి" అన్నాను. నీకు రాస్తున్నట్టు ఆవిడకు చెప్పలేదు. నువ్వు రాకపోతే ఆ ఆశ కూడా పెట్టి చంపినదాన్నవుతాను.

ఫోటోలో ఆ చేతులు చూడు. ఎలా అయిపోయాయో చూడు. చూసి బయల్దేరు.

రిమ్మా

&nbsp;

హెల్సింకి
10 జనవరి 1989

అక్కా,

ఫోటో చేరింది.  మనిషిని పట్టుకుపోయి బంధించినవాళ్ళు ఇంటివాళ్ళకు పంపేది సరిగ్గా ఇలాంటి ఫోటోనే. చేతిలో ఆ రోజు పేపరు, తేదీ కనబడేలా. ఇక్కడి టీవీలో నెలకోసారి చూస్తుంటాం. ఇలా తీయించాలని నీకెలా తోచింది? నీ బుర్రకు పుట్టిన ఆలోచన కాదిది. ఎవరో చెప్పారు.

పైగా పుట్టగొడుగులు! నాకు వాటి వాసనే పడదు. అమ్మ పెట్టింది రాస్ప్‌బెర్రీ జామ్. ఆమ్‌స్టర్‌డాం పోలీసు స్టేషన్లో నా దగ్గర మిగిలిన సామానంతా అదే. ఏడుస్తూ వేలితో తిన్నాను. మూతకు గుడ్డ కట్టింది నువ్వైతే లోపల ఏముందో నీకు తెలియదా? తెలియనివాడెవడో చెప్తే రాశావు. బెదిరించారా అక్కా? నిన్ను మళ్ళీ ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారా? ఏదో ఒకలా నాకు తెలిసేట్టు చెయ్యి.

ఇలా రాస్తున్నాను గాని, ఆ ఫోటో జేబులోంచి తీయలేకపోతున్నాను. అమ్మ అంత చిన్నదైపోయిందా? ఒక్కో గంట అంతా నిజమేననిపిస్తుంది. ఒక్కో గంట నన్ను లాగడానికి వేసిన గాలమనిపిస్తుంది. పిచ్చెక్కిపోతోంది. పొద్దున్నే రైల్వే స్టేషన్‌కి వెళ్ళి, లెనిన్‌గ్రాడ్ బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, అప్పుడు షూటింగ్‌కి వెళ్తున్నాను.

మొన్న మీ రాయబార కార్యాలయానికి కూడా వెళ్ళాను. మీ అని రాశాను చూడు, మన అనడానికి నోరు రావడం లేదు. గుమ్మంలో బూడిదరంగు కోటాయన ఎదురొచ్చి, తలుపు తెరిచి పట్టుకుని, "రండి రండి గ్లేబ్ స్తెపానొవిచ్, మీకోసమే ఎదురుచూస్తున్నాం" అన్నాడు. ఆ మర్యాదకు జడుసుకున్నాను. వెనక్కి తిరిగి పరిగెత్తాను. ఈ వయసులో, ఆ మంచులో, వీధిలో అందరూ చూస్తుండగా.

టెలిఫోన్ సీను అయిపోయింది. పెద్దావిడను పొద్దుటినుంచీ సాయంత్రందాకా ఏడిపించారు. "మా అమ్మ ఏడవలేదట, మా అక్క రాసింది" అన్నాను డైరెక్టరుతో. "మీ అక్కగారు టిక్కెట్టు కొనరు కదా" అన్నాడు. ఆవిడ ఏడుస్తూ "వెంటనే రా" అన్నప్పుడల్లా నా కాలు గుమ్మంవైపు పడుతోంది. పడగానే ఆగిపోతోంది. ఎంత ధైర్యం తెచ్చుకున్నా ఆగిపోతోంది.

ఫోను చేస్తానంటే మనింట్లో ఫోను లేదు. అమ్మను మళ్ళీ ఆ బూత్‌లోనే నిలబెట్టాలి. అందులోంచి వచ్చిన మాట నేను నమ్మగలనా? అమ్మ చేత్తో ఒక్క ముక్క రాయించు అక్కా. ఒక్కటంటే ఒక్కటి.

గ్లేబ్

&nbsp;

పెర్మ్
29 జనవరి 1989

తమ్ముడూ,

ఈసారి వెటకారాలేమీ లేవు. ఓపిక లేదు.

అమ్మ రాయగలిగే స్థితిలో లేదు. గ్లాసు పట్టుకుంటేనే చెయ్యి వణికి పక్కమీద ఒలుకుతోంది. సూదిమందు ఇవ్వడానికి నర్సు రోజు విడిచి రోజు వస్తోంది. అది తగ్గిపోగానే మొదలవుతుంది మూలుగు. పంటి బిగువున ఆపుకుంటుంది, క్లావ్దియాకు వినబడుతుందని.

నీ ఉత్తరం వంటింట్లో చదివి, నేలమీద కూలబడి ఏడ్చాను. పేపరు పట్టించింది నీకోసం, నువ్వు నమ్ముతావని. దానికి నువ్వన్న మాటకు ఏడుపు ఆగలేదు. లోపలినుంచి అమ్మ పిలిచింది.

"ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదమ్మా."

"మరి ఏడుపెందుకు? ఇలా రా. నా మొహం చూసి చెప్పు."

చెప్పేశాను. ఆవిడ రోగం సంగతి తప్ప అంతా చెప్పేశాను. నెల్లాళ్ళుగా తల ఎత్తనిది మోచేతిమీద లేచి కూర్చుంది రా!

"పిలిచావా? వాణ్ణి రమ్మని పిలిచావా? బుద్ధుందా నీకు?"

"రోజులు మారాయమ్మా. అందరూ వస్తున్నారు."

"మా నాన్నను తీసుకెళ్ళినవాళ్ళూ ఇలాగే చెప్పారు. ఊరికే ఓ మాట మాట్లాడి పంపించేస్తాం, టోపీ కూడా అక్కర్లేదన్నారు. టోపీ పెట్టుకోకుండానే వెళ్ళాడు. ఆ టోపీ మేకుకే ఉండిపోయింది. రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంత తెలివి ఒక్క ముక్క కలపకు."

రాస్తున్నాను. ఇక్కణ్ణుంచి అమ్మ మాటలు.

"గ్లేబుష్కా, రాకు. ఆ రోజు ఫోనులో రమ్మన్నాను. నోరు నాదే గాని మాట వాళ్ళది. ఇంటికొచ్చాక కూడా మెట్లమీద ఎవరు నడిచినా నువ్వేనేమోనని చచ్చిపోయేదాన్ని. పిచ్చివెధవ, నా మాటంటే విని వచ్చేస్తాడేమోనని. నువ్వు రాలేదు. అప్పుడు అన్నం తిన్నాను. ఇప్పుడు నా చేతిలో కాగితం లేదు, పక్కన ఎవడూ వేలు పెట్టి చూపించడం లేదు. ఇది నా మాట. రాకు. ఎవరు పిలిచినా రాకు. మీ అక్క పిలిచినా రాకు. నేను పోయానన్నా రాకు. అక్కడే ఉండు, తిను, చలికి మెడ కప్పుకో. జామ్ సంగతి అడిగావట. ముందు పుట్టగొడుగులే పెట్టాను. స్టేషన్లో మీ అక్క పెట్టెలెక్కిస్తుంటే నీ మొహం చూశాను. వీడికి ఇవి పడవు కదా అని, నాకని చేతిసంచిలో ఉంచుకున్న జామ్ సీసా పెట్టి అవి తీసేసుకున్నాను. మీ అక్క అది చూడలేదు. దాన్ననకు."

ఇవీ అమ్మ చెప్పినవి. ఇంకేమీ రాయనని దేవుడి పటం మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకుంది. ఒట్టేశాను. ఆవిడ కన్నంటుకున్నాక ఒట్టు గట్టున పెట్టి ఇది రాస్తున్నాను. రా, గ్లేబ్. ఆవిడ మాట వినకు. నా దగ్గర ఇంక రుజువులు లేవు. ఆవిడకు రోజులు కూడా లేవు.

నీ అక్క

&nbsp;

హెల్సింకి
22 ఫిబ్రవరి 1989

అక్కా, మా అక్కా,

వస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. గుమ్మంలో నిలబడే చదివాను. "రాకు" అన్న మాట దగ్గర మెట్లమీద కూర్చుండిపోయాను. ఏ ఆఫీసువాడైనా మనిషిని రావద్దని బతిమాలతాడా? నన్ను రప్పించడానికి వాళ్ళు ఏమైనా రాయిస్తారు గాని, చలికి మెడ కప్పుకోమని రాయిస్తారా? ఆ టోపీ మాట అమ్మ నోట తప్ప ఎవరి నోటా రాదు. అది అమ్మే. మొదటినుంచీ అంతా నిజమే. నా చెంపలు నేనే వాయించుకున్నాను.

అప్పటికప్పుడు రాయబార కార్యాలయానికి పరిగెత్తాను. మళ్ళీ ఆ బూడిదరంగు కోటాయనే. వాళ్ళావిడ చిన్నప్పుడు లెనిన్‌గ్రాడ్‌లో నా డాన్సు చూసిందట. నేను ఎప్పుడైనా వస్తే సంతకం తెమ్మని రోజూ ప్రాణం తీస్తోందట. ఆయన ఎదురుచూసింది అందుకు! దాన్ని చూసి జడుసుకుని నెలన్నర పోగొట్టాను. ఆయనే అటూ ఇటూ ఫోన్లు చేశాడు. పెర్మ్‌లోకి విదేశీ పాస్‌పోర్టులవాళ్ళను రానివ్వరు కదా, దానికి కూడా విడిగా అనుమతి తెప్పిస్తున్నాడు. మూడు రోజులుండనిస్తారు. మార్చి నాలుగున లెనిన్‌గ్రాడ్‌లో దిగుతాను. అదే సాయంత్రం పెర్మ్ విమానం.

డైరెక్టరుకు ఆ సీను మార్చమని చెప్పాను. అమ్మ ఏడవలేదు, కళ్ళజోడు లేక తడుముకుంది, అలా తియ్యండి అన్నాను. అదేమీ వినిపించుకోలేదు గాని, నేను వెళ్తున్నానని వినగానే మొహం వెలిగిపోయింది. కెమెరామన్‌ను నాతో పంపిస్తాడట. "మంచం దగ్గర తల్లీకొడుకులు! ఇంతకంటే ముగింపు ఏం కావాలి?" అన్నాడు. వాడి మొహం మీదే తలుపేసి వచ్చేశాను. ఇంక ఆ సినిమాకూ నాకూ సంబంధం లేదు, ఏం తీసుకుంటారో తీసుకోనీ.

అమ్మకు మాత్రం చెప్పకు. వస్తున్నానని తెలిస్తే నేను ఇల్లు చేరేలోపే ఆ భయంతోనే పోతుంది. తలుపు తట్టాక నువ్వు అరవకు. ముందు లోపలికెళ్ళి దుప్పటి సర్ది, తల కింద ఇంకో దిండు పెట్టు. ఎవరో పాత స్నేహితుడు చూడటానికి వచ్చాడను. నేను నెమ్మదిగా వస్తాను. ఎవరూ నా వెనకాల లేరని చూపించడానికి తలుపు తీసే ఉంచుతాను. మెట్లదాకా కనబడేలా.

మందులు తెస్తున్నాను, నొప్పికి ఇక్కడ మంచివి ఇచ్చారు. ఇంకేం కావాలి? పుల్లటిదేమైనా తాగుతుందా? ఈ పది రోజులూ ఎలాగైనా చూసుకో అక్కా. నిన్నన్న మాటలకు వచ్చి నీ కాళ్ళమీద పడతాను.

నీ తమ్ముడు
గ్లేబ్

&nbsp;

పెర్మ్
26 ఫిబ్రవరి 1989

గ్లేబ్,

జనవరిలో రాసినదానికి నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. అది నీకు చేరిందో లేదో, చేరినా నమ్మావో లేదో నాకు తెలియదు. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

అమ్మ సోమవారం మధ్యాహ్నం పోయింది. బుధవారం, ఇరవై రెండున పూడ్చిపెట్టాం. నేల రాయిలా గడ్డకట్టుకుపోయి, రాత్రంతా పాత టైర్లు తగలబెడితే గాని పలుగు దిగలేదు. డిపోవాళ్ళు ట్రామ్‌లు ఆపుకుని మరీ వచ్చారు. క్లావ్దియా ఆనవాయితీ ప్రకారం పాన్‌కేకులు పోసింది. నీ పేరు ఎవరూ ఎత్తలేదు, మర్యాద కొద్దీ. దాంతో అందరూ నీ గురించే ఆలోచిస్తున్నారని తెలిసిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈ చలికాలమంతా నిన్ను తిట్టుకున్నాను. క్యూల్లో తిట్టుకున్నాను, ఆవిడ పక్కగుడ్డలు ఉతుకుతూ తిట్టుకున్నాను. పైకి కూడా తిట్టాను, బీరువాకు ఇవతల నిలబడి, గొంతు తగ్గించుకుని. అది అబద్ధమని చెప్పను. కానీ చివరి రోజు జరిగింది నీకు చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నీకు ఉత్తరం రాసిన్నాటినుంచీ అమ్మకు మెట్లమీదే చెవి. ఎవరి అడుగు వినబడినా కళ్ళు గుమ్మానికి అంటుకుపోయేవి. నేను మొదట నీకోసం ఎదురుచూస్తోందనుకున్నాను.  సోమవారం కూడా అడుగుల చప్పుడైంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"ఎవరే అది?"

"క్లావ్దియా అమ్మా. పాలు తెచ్చింది."

"వాడు కాదుగా?"

"కాదు."

"నిజం చెప్పు. వాడు రాలేదుగా?"

ఏం చెప్పను? వస్తున్నాడు, దారిలో ఉన్నాడని అబద్ధం చెప్దామనుకున్నాను. ఏ కూతురైనా అదే చెప్తుంది కదా! నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ మొహం చూశాను. ఆ భయం చూశాను. నిజమే చెప్పాను.

"రాలేదమ్మా. రాడు."

"బతికిపోయాడు" అంది.

నా చెయ్యి వదిలేసింది. మొహం తేటపడింది, ఎన్ని నెలలైందో ఆ మొహం చూసి. కాస్త పాలు పట్టమంది. ఒక గుటక మింగింది. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి పోయింది.

కాబట్టి నిన్ను నేనింక తిట్టలేను. నేను తెచ్చిన వెన్న ఆవిడకు పనికిరాలేదు, ఆ సూదిమందులు పనికిరాలేదు. నువ్వు రాలేదన్న మాట ఒక్కటే మనశ్శాంతినిచ్చింది.

సమాధి నది పక్కనే. మంచు కరిగాక ఓ చెక్క బల్ల వేయిస్తాను, కూర్చోవడానికి. నీకెప్పుడు కుదిరితే అప్పుడు రా. ఇక తొందరేమీ లేదు.

నీ అక్క
రిమ్మా